సమస్యాపూరణం: గరుకు మీద నీరు కాలు జారు

ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇదీ, పై మూడూ సభ్యులు పూరించాలి:

*గరుకు మీద నీరు కాలు జారు*

నిర్వాహకుడు (హనుమకొండ): గరుకు నేల మీద మన కాలు నిలుస్తుంది, నునుపు మీద జారుతుంది. నీటి సంగతి ఒక్కోసారి తలకిందులు. వేయిస్తంభాల గుడిలో నున్నటి నల్లరాతి మీద పడ్డ చినుకు అక్కడే పట్టుకుని ఉంటుంది. పై పాదం చివర ‘స’ పెట్టి గరుకును ‘సగరుకు’ (సగర చక్రవర్తికి) చేసే గడుసుతనం ఈసారి వద్దు.

పరకాల, రిటైర్డ్ టీచర్:

తామరాకు నిండ తరగని బొడిపెలు,
మైనపూత, వాటి మధ్య గాలి
బొట్టు కింద మెత్తపొర లాగ నిలువఁగా
గరుకు మీద నీరు కాలు జారు

నిర్వాహకుడు: తా–త, మై–మ, బొ–పొ. యతికి వంక లేదు. దిండును మెత్త అనే మనకు ఆ మూడో పాదంలో గాలిదిండే కనిపిస్తుంది.

కాజీపేట, ఫిజిక్స్ లెక్చరర్: ఈ పద్యానికి ప్రాణం ‘గాలి’ అన్న మాట. ఒక్కో బొడిపె 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) అంచున ఉంటుంది, దాని మీద మళ్ళీ సన్నటి మైనపు నూగు. బొట్టు ఆ కొనల మీదే ఆనుతుంది, మిగతాదంతా గాలే. అదే మైనం నునుపుగా ఉంటే బొట్టు అంచు దానితో చేసే కోణం, నీటి లోపలి వైపు నుంచి కొలిస్తే, సుమారు 110 డిగ్రీలు. తామరాకు మీద 150 దాటుతుంది. అంటే దాదాపు గోళీ. కింద గాలి ఉంటే కోణం ఎంతవుతుందో 1944లో కాసీ, బాక్స్టర్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

ములుగు సభ్యురాలు:

రాతి మెట్టు మీఁద రాలిన చినుకులు
చెరువు గట్టు దిగుచు చేరి పారు
ఉలికి గరుకు దేలి యున్నట్టి రాయైన
గరుకు మీద నీరు కాలు జారు

నిర్వాహకుడు: ఛందస్సు శుభ్రంగా ఉందమ్మా. లెక్చరర్ గారు ఊరుకోరేమో.

కాజీపేట: ఊరుకోను. రాయికి నీరంటే ఇష్టం. అలాంటి దాన్ని గరుకు చేస్తే నీరు ఇంకా పరుచుకుంటుంది, జారదు. 1936లో వెంజెల్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇదే: గరుకుదనం ఉన్న గుణాన్నే పెంచుతుంది. అంటుకునేది మరింత అంటుకుంటుంది, అంటనిది మరింత దూరం జరుగుతుంది. మీ మెట్ల మీద నీరు పారేది వాలు వల్ల. అక్కడ కాలు జారేది మనకు, అదీ పాచి మీద!

ములుగు: ఒప్పుకున్నాను సార్. రాయి వదిలేసి పొలానికి పోతా.

వరుస గీత లుండ వరియాకు పొడవున
మంచు బిందువు సాగు మడిని చేర
అడ్డదారి పోదు హద్దులు దాటదు
గరుకు మీద నీరు కాలు జారు

నిర్వాహకుడు: రెండో పాదంలో గణం తప్పింది. మంచు, బిందు, తర్వాత ‘వు సాగు’ ఏ సూర్యగణం? ‘మంచు బొట్టు సాగు’ అంటే చాలు. మూడోది నాలుగోదానికి అతకలేదు కూడా.

కాజీపేట: వరియాకు పట్టుకొచ్చారు, ఇది అసలైన దెబ్బ! దాని మీద బొడిపెలు చాళ్ళలా వరుసగా ఉంటాయి. ఆకు పొడవునా బొట్టు దొర్లడానికి 3 నుంచి 5 డిగ్రీల వాలు చాలు, అడ్డంగా అయితే 9 నుంచి 15 కావాలి. అంటే అడ్డం దాటుతుంది, కాకపోతే కష్టపడి. ‘దాటదు’ అనకండి.

ములుగు: అయితే మూడో పాదం ఇలా:

అడ్డమునకు పోవ నలసి తా, నిలువున
గరుకు మీద నీరు కాలు జారు

నిర్వాహకుడు: ఇప్పుడు అతికింది. నా ఓటు ఈ ‘అలసి’కే. టీచర్ గారు ఏమీ అనుకోవద్దు.

పరకాల: అనుకోను. పొద్దున పూలకొట్టు నుంచి తామరాకు తెచ్చి సగం బొటనవేలితో గట్టిగా రుద్దాను. మైనం పోయినట్టుంది. రుద్దని వైపు నుంచి గోళీలా పరుగెత్తుకొచ్చిన బొట్టు సరిగ్గా గీత దగ్గర చతికిలబడి పరుచుకుంది. మా మనవరాలు ఇంకో ఆకు తెమ్మని ఒకటే గోల.