ట్రాక్టర్ డెక్‌కు పెట్టిన పెన్‌డ్రైవ్ వంగింది, మా నాయనమ్మ పాటలన్నీ అందులనే ఉన్నయి

హాలియా బిడ్డ:
అందరికి నమస్తే. మాది హాలియా దగ్గర ఒక ఊరు. జర తెలిసినోళ్లు ఎవరన్న చెప్పుండ్రి, రెండు రోజుల సంది నిద్ర వడ్తలేదు. మా నాయనమ్మ 2019ల చనిపోయింది. అంతకుముందు 2017, 2018 బతుకమ్మ పండుగలకు ఆమె పక్కన కూసొని ఫోన్‌ల పాటలు రికార్డు చేసిన, బతుకమ్మవే కాదు నాట్లేసేటప్పుడు పాడేటివి, పెండ్లిల నలుగు పెట్టేటప్పుడు పాడేటివి, అన్ని కలిపి 43. ఆమెకు చదువు రాదు, ఆ పాటలు యాడ గూడ రాసి లెవ్వు. పాట నడుమల ఆగి "గీడ మా అమ్మ ఇంకో తీర్గ పాడేది" అని చెప్పిన మాటలు గూడ రికార్డు అయినయి. ఆ ఫోను నీళ్లల్ల పడి ఎప్పుడో ఖరాబైంది. మిగిలింది ఈ 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒక్కటే.

మొన్న మా తమ్ముడు పొలంల దమ్ము కొట్టనీకి పోతూ దీన్ని ట్రాక్టర్ డెక్‌కు పెట్టిండు, నాయనమ్మ పాటలు వినుకుంట పని చేసుకుందామని. దిగేటప్పుడు మోకాలు తగిలి ముందట ఇనుప ముక్క పక్కకు వంగింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు పెట్టి జర పైకి లేపి పట్టుకుంటే లైటు వస్తది, వదిలితే పోతది. ఒక్కసారి మాత్రం డ్రైవ్ కనవడ్డది గని "ఫార్మాట్ చేయాలి" అని అడిగింది, క్యాన్సిల్ కొట్టిన. ఒక షాపుకు తీస్కపోతే ఫార్మాట్ చేసి తర్వాత సాఫ్ట్‌వేర్‌తోటి తీస్తమన్నరు, నాకు భయమై వాపస్ తెచ్చుకున్న. తమ్ముడైతే అన్నం గూడ సక్కగ తింటలేడు. ఏం జేయాలె?

ఎడమకాల్వ:
నాకు గూడ ఇట్లనే ఫార్మాట్ అడిగింది. విండోస్‌ల డిస్క్ తప్పులు సరిచేసే కమాండ్, చెక్ డిస్క్ స్లాష్ ఎఫ్ (chkdsk /f) కొట్టిన, పది నిమిషాలల్ల వచ్చింది. ట్రై చెయ్యి.

పాలమూరు ల్యాబ్:
చెల్లె, మొదలు ఆ పెన్‌డ్రైవ్ తీసి పక్కకు పెట్టు, మళ్ల మళ్ల పెట్టి చూడకు. వాపస్ తెచ్చుకొని మంచి పని చేసినవ్. నేను మహబూబ్‌నగర్‌ల కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంట, పిల్లల ప్రాజెక్టులు ఇట్ల పోయినప్పుడు చానసార్లు తీసిచ్చిన, కాబట్టి కొంచెం వివరంగ చెప్త, ఓపికగ చదువు.

నీకు రెండు రోగాలు ఉన్నయి, రెండు వేరు వేరు. ఒకటి ఒంటి దెబ్బ, అంటె ముందటి కనెక్టర్ బోర్డు మీద అతికిన కాడ టంకం ఇరిగింది. రెండోది లోపలి లెక్క తప్పింది, కరెంటు వచ్చి పోయి వచ్చి పోయి చేసేసరికి ఏ ఫైలు యాడ ఉందో రాసుకున్న పట్టిక చెడిపోయి ఉంటది, లేకపోతె సక్కగ చదువొస్తలేదు, అందుకే ఫార్మాట్ అడుగుతుంది. మొదటిది సాఫ్ట్‌వేర్‌తోటి పోదు. లైటు ఊగిసలాడుతున్నప్పుడు రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపితె నడుమల కట్ అయి ఉన్నది గూడ చెడిపోవచ్చు. కాబట్టి ముందు టంకం, తర్వాత కాపీ, ఆ తర్వాతనే రికవరీ. ఈ వరుస తప్పొద్దు.

ఎడమకాల్వ అన్నా, నీకు పని చేసి ఉండొచ్చు గని చెక్ డిస్క్ స్లాష్ ఎఫ్ అనేది చూసుడు కాదు, పెన్‌డ్రైవ్ మీదనే రాసుడు. పట్టికల తెగిపోయిన గొలుసులు కనవడితె వాటిని తెచ్చి ఫౌండ్.000 అనే ఫోల్డర్‌ల సీహెచ్‌కే ఫైళ్లు చేసి పడేస్తది, పేర్లు పోతయి. అసలు ముక్క మీద అది చేస్తె వెనుకకు పోనీకి తొవ్వ ఉండదు. కాపీ మీద చేస్కుంటె నాకు ఏ అభ్యంతరం లేదు.

ఎడమకాల్వ:
అవునన్నా, నా దాంట్ల గూడ సగం ఫైళ్లు పేర్లు లేకుంట వచ్చినయి, నేనే ఒక్కొక్కటి తెరిచి పేర్లు పెట్టుకున్న. చెల్లె, నా మాట పక్కకు పెట్టు, అన్న చెప్పినట్టు చెయ్యి.

దేవరకొండ బెంచ్:
నేను సెల్‌ఫోన్ రిపేర్ చేస్త, కనెక్టర్ సంగతి నేను చెప్త. అక్కా, ముందు ప్లాస్టిక్ డొప్ప మెల్లగ ఇప్పి లోపల చూడు. పచ్చ బోర్డు మీద ఒక పెద్ద నల్ల చిప్పు, ఒక చిన్న చిప్పు, పక్కన ఒక వెండి రంగు డబ్బీ లెక్క క్రిస్టల్ కనవడితె నీ అదృష్టం, అది రిపేర్ అయ్యే రకం. పెద్దది మెమరీ, చిన్నది కంట్రోలర్. అట్ల కాకుంట మొత్తం ఒకటే నల్ల బిళ్ల ఉండి కొసకు బంగారు రంగు గీతలు ఉంటె అది ఒకే ముక్కల పోసింది, దానికి మా అసోంటోళ్లు చేసేది ఏం లేదు, పెద్ద డేటా రికవరీ ల్యాబ్‌కు పోవాల్సిందే.

వంగిన దాన్ని పట్కారుతోటి సక్కగ చేయాలని చూడకు. టంకంతోటి పాటు బోర్డు మీద రాగి గీత గూడ లేచొస్తది, అప్పుడు పని నాలుగింతలు అయితది. మేమేం చేస్తమంటె పాత యూఎస్‌బీ వైరు ఒకటి కోసి అందులున్న నాలుగు తీగలు తీస్కొని నేరుగా బోర్డు మీద నాలుగు చుక్కలకు అతికిస్తం. వరుస ఎర్రది, తెల్లది, పచ్చది, నల్లది. ఎర్రది 5 వోల్టులు, నల్లది గ్రౌండు, నడుమ రెండు డేటా. తెల్లది పచ్చది తారుమారైతె పెన్‌డ్రైవ్ కనవడదు అంతే, గని ఎర్రది నల్లది తారుమారైతె కంట్రోలర్ కాలిపోతది, అందుకే వైర్ల రంగు నమ్మకుంట మల్టీమీటర్ పెట్టి చూసుకోవాలె, కొన్ని సస్తా వైర్లల్ల రంగులు వేరే ఉంటయి. తీగలు పొట్టిగ ఉండాలె. చేతులు వణికేటోళ్లు, మొదటిసారి టంకం పట్టేటోళ్లు దీని మీద నేర్చుకోవద్దు. నీకు దగ్గర మదర్‌బోర్డు పని చేసే మనిషి ఉంటె "డేటా ముఖ్యం, పెన్‌డ్రైవ్ తర్వాత పని చేయకపోయినా సరే" అని చెప్పు, పక్కన కూసొని చేయించుకో.

హాలియా బిడ్డ:
డొప్ప ఇప్పిన తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే పచ్చ బోర్డు, రెండు చిప్పులు, వెండి డబ్బీ ఉన్నయి! నాలుగు కాళ్లల్ల రెండు పూర్తిగ లేచినయి. రేపు మిర్యాలగూడ పోయి చేయిస్త. అన్నా, టంకం అయినంక ల్యాప్‌టాప్‌కు పెట్టి పాటలు డైరెక్టుగ కాపీ చేస్కోవచ్చా?

పాలమూరు ల్యాబ్:
ఒకవేళ తెరుచుకుంటె గూడ తొందరపడి డైరెక్టుగ చేయకు. విండోస్‌కు పెడితె అది తన సొంత ఫోల్డర్ ఒకటి దాని మీద రాస్తది, నువ్వు ఏం చేయకున్నా. పోయిన ఫైలు జాగ మీదనే అది పడ్డదనుకో, ఆ పాట ఇక రాదు. అందుకే విండోస్ బదులు నడిచే ఉబుంటు అనే ఫ్రీ సిస్టమ్ ఎక్కిచ్చిన పెన్‌డ్రైవ్ ఇంకోటి తయారు చేస్కొని దాంతోటి ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యి, పాటల పెన్‌డ్రైవ్ ఐకాన్ కనవడితె తెరువకు, అది తానే తెరుచుకుంటె అన్‌మౌంట్ కొట్టు, అంటె ముక్క పీకకుంట సిస్టమ్‌ల మూసేయి. తర్వాత జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఫ్రీ టూల్‌తోటి పెన్‌డ్రైవ్ మొత్తం, ఖాళీ జాగతోటి సహా, ఒకటే ఇమేజ్ ఫైలు (అచ్చు నకలు) లెక్క హార్డ్‌డిస్క్‌లకు తీయి. 16 జీబీకి అంత జాగ ఉండాలె.

దీన్నే ఎందుకు చెప్తున్ననంటె మామూలు కాపీ చెడ్డ జాగ రాంగనే ఆగిపోతది, ఇది దాన్ని దాటి మంచిగున్నవి ముందు లాగి, చెడ్డవాటి మీదకు ఆఖరికి వస్తది. కమాండ్‌ల పేరు ఇస్తె, ఎంత దాక చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఒకటి పెట్టుకుంటది, నడుమల తీగ ఊడి డిస్కనెక్ట్ అయినా మళ్ల అదే కమాండ్ కొడితె ఆగిన కాడి నుంచే మొదలు వెడ్తది. నీ అసోంటి కేసుకు ఇంతకన్న పనికొచ్చేది నాకు తెల్వదు. ఒక్కటి మాత్రం గట్టిగ గుర్తు పెట్టుకో, కమాండ్‌ల ముందు పెన్‌డ్రైవ్ పేరు, తర్వాత ఇమేజ్ ఫైలు పేరు, ఆఖరికి మ్యాప్ ఫైలు పేరు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌కు పెట్టిన పేరు ఎస్‌డీఏనా ఎస్‌డీబీనా అనేది సైజు చూసి రెండుసార్లు సరి చూసుకో, 16 జీబీది 14.9 లెక్క కనవడొచ్చు. డౌట్ ఉంటె ఎంటర్ కొట్టకముందు ఫొటో పెట్టు, నేను రాత్రి పదకొండు దాక చూస్త.

ఇమేజ్ వచ్చినంక పెన్‌డ్రైవ్ పని అయిపోయింది, దాన్ని కవర్ల పెట్టి దాచు. ఇమేజ్‌కు ఇంకో కాపీ తీసి దాని మీద ముందు చెడిన పట్టికను సరిచేసి ఫైళ్లు తీసే టెస్ట్‌డిస్క్ అనే టూల్ నడిపించు. నీ పెన్‌డ్రైవ్‌ల ఫైళ్లు పెట్టే పద్ధతి ఎఫ్ఏటీ32 అయి ఉంటది, అందుల మొదటి సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) చెడిపోతె దాని నకలు ఆరో నంబర్ సెక్టార్‌ల ఉంటది, పట్టిక గూడ మామూలుగ రెండు కాపీలు ఉంటయి. ఇవి దొరికితె పేర్లతోటి సహా వస్తయి. దొరకనివాటికి ఫొటోరెక్ అనే ఇంకో టూల్. పేరు ఫొటో అని ఉన్నా పాటలు గూడ తీస్తది, పట్టికను చూడకుంట ఫైలు మొదట్ల ఉండే గుర్తును బట్టి ఎతుకుతది, కాబట్టి పేర్లు తేదీలు రావు. ముక్కలు ముక్కలుగ పడ్డ ఫైలు అయితె సక్కగ రాదు.

చింతపల్లి అక్క:
బిడ్డా, నాకు ఈ సెక్టార్లు ఏం సమజ్ కావు గని ఒక్క మాట. అప్పుడు ఆ పాటలు వాట్సాప్‌ల ఎవరికన్న పంపినవా? మా అమ్మ మాట ఒకటి నా ఫోన్‌ల పోతె మా చిన్నమ్మ ఫోన్‌ల దొరికింది. మేనత్తలను, పెద్దమ్మలను అడుగు, పాత ఫోన్లు బీరువల ఉంటయి చూడు, మెమరీ కార్డు గూడ తీసి చూపియ్యి.

హాలియా బిడ్డ:
ఐదు రోజులైంది, చెప్పాల్సినయి చానా ఉన్నయి. మిర్యాలగూడల ఒకాయన గంటసేపు కూసొని నాలుగు తీగలు అతికిచ్చిండు, లైటు నిలవడ్డది. ఇంటికొచ్చి రాత్రి డీడీరెస్క్యూ పెట్టిన, నడుమల మూడుసార్లు ఆగింది, అన్న చెప్పినట్టు అదే కమాండ్ మళ్ల కొట్టిన, తెల్లారేసరికి చిన్న ముక్క తప్ప మొత్తం వచ్చింది. టెస్ట్‌డిస్క్‌ల 34 పాటలు పేర్లతోటి వచ్చినయి. ఫొటోరెక్‌ల ఇంకో నాలుగు. పేర్లు లేకున్నా వినంగనే గుర్తు వట్టిన. ఐదు రాలే, అందుల మూడు ఫైళ్లు ఉన్నయి గని ప్లే అయితలెవ్వు.

అక్కా, నీ మాట వట్టుకొని మా మేనత్తకు ఫోన్ చేసిన. ఆమె పాత ఫోన్ చార్జింగ్ పెట్టి చూస్తె వాట్సాప్ ఆడియోల ఫోల్డర్‌ల రెండు ఉన్నయి, ఆ ఐదింట్లయే! ఒకటి నాట్ల పాట. నాయనమ్మ నడుమల దగ్గి, నీళ్లు తాగి మళ్ల అందుకున్నది గూడ ఉంది. తమ్మునికి వినిపిచ్చిన, వాడు బయటికి పోయి చానసేపు రాలే.

పాలమూరు ల్యాబ్:
చదివి మనసు నిండింది చెల్లె. ఆ ప్లే కాని మూడు తీసేయకు. ఫోన్ రికార్డర్ ఎం4ఏ అనే ఆడియో ఫైళ్లల్ల పాట యాడ మొదలు, ఎంతసేపు అనే లెక్క చానసార్లు ఫైలు ఆఖర్ల రాస్తది, ఆ తోక ఊడితె ప్లేయర్‌కు అర్థం కాదు, గని గొంతు లోపల ఉండొచ్చు. అదే ఫోన్‌ల రికార్డైన మంచి ఫైలు నమూనాగ పెట్టి లెక్క మళ్ల కట్టే టూల్స్ ఉన్నయి. మంచియి నీ దగ్గర 34 ఉన్నయి కద, ఒకటి నాకు పంపు, ఆ మూడింటిని పంపు, ఆదివారం కూసుంట. ఇమేజ్ మాత్రం ఎప్పటికి డిలీట్ చేయకు.

హాలియా బిడ్డ:
పంపిన అన్నా. ఇమేజ్ ల్యాప్‌టాప్‌ల ఒకటి, హార్డ్‌డిస్క్‌ల ఒకటి పెట్టిన, పాటలు గూగుల్ డ్రైవ్‌ల ఎక్కిచ్చి మేనత్త ఫోన్‌లకు గూడ ఏసిన. తమ్ముడు ట్రాక్టర్‌కు వేరే పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చిండు, అందుల నకలు ఏసిచ్చిన, ఇవ్వాళ పొద్దున పొలంకాడ మళ్ల పెట్టిండు.