నవల మీద వ్యాసానికి గూగుల్‌లో ఎలా వెతకాలి?

ప్రశ్న: ఎంత వెతికినా సారాంశాలు, పాత్రల పట్టికలే వస్తున్నాయి. పది పేజీలు తెరిచినా అన్నిటా అదే మాట. పనికొచ్చే విమర్శ ఎలా దొరుకుతుందండీ?

జవాబు: నవల పేరొక్కటే కొడితే వచ్చేవి సారాంశాలే. ముందు పుస్తకం పూర్తిగా చదివి, అర్థం కాని చోట్లను పేజీ నంబర్లతో రాసుకోండి. అప్పుడు పేరుకు డబుల్ కోట్స్ పెట్టి, పక్కన మీ సందేహంలోని ఒక్క మాట చేర్చండి: కథకుడు, ఉత్తరాలు, వారసత్వం, ఏదైనా. పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఒక్క మంచి వ్యాసం దొరికినా చాలు. దాని కింద ‘సైటెడ్ బై’ నొక్కితే, దాన్ని ఉదహరించిన తర్వాతి వ్యాసాలు కనిపిస్తాయి.

ఇంకో జవాబు: ఏ ముద్రణో చూసుకోకపోవడమే అసలు ప్రమాదం. మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818 ముద్రణలో ఎలిజబెత్ కథానాయకుడు విక్టర్‌కు మేనత్త కూతురు. 1831 ముద్రణలో ఆమె, ఆ ఇంటివాళ్లు తెచ్చి పెంచుకున్న అనాథ. ఒక ముద్రణ చదివి, రెండోదాని మీద రాసిన విమర్శను ఉదహరిస్తే వాదనంతా కూలిపోతుంది. ఆన్‌లైన్ ప్రతి వాడితే ముందుమాట, ముద్రణ సంవత్సరం తప్పక చూడండి.

స్కాన్ ప్రతుల్లో వెతికిన మాట దొరక్కపోతే పుస్తకంలో లేదనుకోకండి. పాత ఇంగ్లిష్ అచ్చులో పొడుగ్గా ఉండే ‘ఎస్’ అక్షరాన్ని యంత్రం చాలాసార్లు ‘ఎఫ్’ అని చదువుతుంది. ‘ఎఫ్’ పెట్టి కూడా వెతకండి.

మరొకరు: సూక్తుల సైట్ల నుంచి వాక్యాలు ఎత్తకండి. పాత్ర అన్న మాటను రచయిత అభిప్రాయంగా చూపిస్తాయి. ఏఐ ఇచ్చిన ఉల్లేఖన కూడా అంతే, మూలంలో కళ్లారా చూశాకే వాడండి.