హీట్ పంపు, వేడినీళ్ల ట్యాంకులకు ఏటా సర్వీసింగ్ అవసరమా?

ప్రశ్న:
మా ఇంట్లో హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని తీసుకుని నీటిని కాచే యంత్రం), దానికి జోడించిన ఎనామెల్ పూత గల ఉక్కు ట్యాంకు ఉన్నాయి. రెండూ చక్కగా పనిచేస్తున్నా, ఏటా సర్వీసింగ్ చేయించాలంటున్నారు. పాడవని యంత్రాన్ని విప్పించడం అవసరమా? మేమే చేసుకోదగ్గ పనులు ఏమైనా ఉన్నాయా?

జవాబు 1:
ట్యాంకు విషయంలో తప్పనిసరి అండి. లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ ట్యాంకు గోడకు బదులుగా తానే తుప్పుకు గురై కరిగిపోతూ ఉంటుంది కనుక, అది సన్నబడి మధ్యలోని తీగ బయటపడేలోగా మార్చకపోతే తుప్పు గోడను పట్టుకుంటుంది. పైకి ఏ సూచనా కనిపించదు. నీరు కారడం మొదలయ్యాక సాధారణంగా ట్యాంకునే మార్చవలసి వస్తుంది. కడ్డీ ఎంత త్వరగా అరుగుతుందన్నది నీటి స్వభావాన్ని బట్టి ఉంటుంది.

జవాబు 2:
హీట్ పంపు బయటి యూనిట్‌లోని పలుచని లోహపు రెక్కల మధ్య చేరిన ఆకులనూ దుమ్మునూ, కరెంటు ఆపి, మెత్తటి బ్రష్‌తో మీరే తీయవచ్చు. నీటిని జోరుగా కొడితే ఆ పలుచని రెక్కలు వంగిపోయి గాలి ఆడదు. ఏటా గ్యాస్ (వేడిని మోసుకెళ్లే శీతలీకరణ ద్రవ్యం) నింపాలని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. అది తిరిగేది మూసి ఉన్న గొట్టాల వలయంలో, గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ముందు దాన్ని సరిచేయించాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. కరెంటు ఆదా కోసం ట్యాంకు ఉష్ణోగ్రతను 45 డిగ్రీలకు తగ్గించవచ్చా?

జవాబు 1:
ఎప్పుడూ అక్కడే ఉంచడం మంచిది కాదు. గోరువెచ్చని నీటిలో న్యుమోనియా కలిగించే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకే చాలా యంత్రాలలో నీటిని అప్పుడప్పుడు 60 డిగ్రీలకు చేర్చే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఆపివేయకండి.