గ్యాస్ మళ్లీ అయనీకరణం అయ్యాక విశ్వం మళ్లీ మూసుకుపోవాలి కదా?

కావలి_కుర్రోడు:
బిగ్ బ్యాంగ్ తర్వాత 3.8 లక్షల ఏళ్ల దాకా ఎలక్ట్రాన్లు విడివిడిగా తిరుగుతూ కాంతిని ముందుకు పోనివ్వలేదు, అవి ప్రోటాన్లతో కలిసి హైడ్రోజన్ అయ్యాకే దారి తెరుచుకుంది అంటారు. సరే. తర్వాత తొలి గెలాక్సీలు పుట్టి ఆ హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను మళ్లీ ఊడగొట్టాయంట, అయనీకరణం అంటే అదే. అప్పుడు మళ్లీ మూసుకుపోవాలి గదా? వీడియోల్లో ఏమో రివర్సులో 'పొగమంచు విడిపోయింది' అంటున్నారు. మా సార్‌ని అడిగితే సిలబస్‌లో లేదు పో అన్నారు.

ఒంగోలు_ఫిజిక్స్:
మంచి డౌటే తమ్ముడూ. ఎలక్ట్రాన్లు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయన్నది చూడాలి. రీఅయనైజేషన్, అంటే నువ్వన్న ఆ రెండో ఊడగొట్టుడు, ముగిసింది బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 100 కోట్ల ఏళ్లకి. 3.8 లక్షల ఏళ్ల నాటితో పోలిస్తే ఆలోపు విశ్వం ప్రతి దిక్కునా 150 రెట్లకు పైగా సాగింది, అంటే గ్యాస్ దాదాపు 40 లక్షల రెట్లు పలచబడిపోయింది. ఇక ఎలక్ట్రాన్ విడిగా ఉన్నా కాంతికి తగిలేది అరుదు. ప్లాంక్ ఉపగ్రహం లెక్క ప్రకారం కాస్మిక్ మైక్రోవేవ్ కాంతిలో (మొదట దారి తెరుచుకున్నప్పుడు బయల్దేరిన కాంతి) వీటికి తగిలి చెదిరింది నూటికి ఐదు వంతులే.

పొగమంచు అనే మాట నాకు నచ్చదు. మామూలు హైడ్రోజన్ (ఎలక్ట్రాన్ ఊడనిది) అన్ని రంగుల్నీ ఆపదు, 91.2 నానోమీటర్ల కన్నా పొట్టి అతినీలలోహితాన్ని మింగుతుంది, 121.6 దగ్గరుండే లైమన్ ఆల్ఫా అనే అతినీలలోహిత కాంతిని చెదరగొడుతుంది. మిగతా కాంతి చాలావరకు దర్జాగా పోతుంది.

రొయ్యల_గుంట:
నాకు లెక్కలు రావు గానీ, ఇదంతా ఒక్కసారిగా జరగలేదన్నా. మా ఇందుకూరుపేట వైపు మంచు పడే రాత్రి గుంటల గట్టు మీద నిలబడితే ఒక్కో షెడ్డు బల్బు చుట్టూ గుండ్రంగా వెలుగు కనబడుద్ది, గుంటలు పక్కపక్కనే ఉన్నచోట ఆ వెలుగులు కలిసిపోతాయి, అవతల బీడులో మాత్రం చీకటే. గెలాక్సీలూ అంతే, ఒక్కోటీ తన చుట్టూ అయనీకరణం అయిన బుడగ చేసుకుంది, గుంపుగా ఉన్నచోట బుడగలు ముందు కలిశాయి.

కావలి_కుర్రోడు:
బల్బు పోలిక అదిరింది. మరి రుజువేంది?

ఒంగోలు_ఫిజిక్స్:
దారిలో మామూలు హైడ్రోజన్ కొంచెమున్నా దూరపు క్వేజార్ (పెద్ద బ్లాక్ హోల్ వల్ల ధగధగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు) స్పెక్ట్రంలో, అంటే దాని కాంతిని రంగులుగా విడదీసి చూస్తే, లైమన్ ఆల్ఫా కన్నా పొట్టి భాగం నల్లబడిపోవాలని 1965లో గన్, పీటర్సన్ చెప్పారు. 2001లో 6.28 రెడ్‌షిఫ్ట్ (విశ్వం సాగడం వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే లెక్క, ఎక్కువైతే అంత దూరం, అంత పాతకాలం) ఉన్న క్వేజార్‌లో సరిగ్గా అదే దొరికింది, అంటే అప్పటికి మామూలు హైడ్రోజన్ ఇంకా మిగిలే ఉందన్నమాట. ఎక్కువ పని చిన్న గెలాక్సీలు చేశాయా, పెద్దవా అన్నదే ఇంకా తెగలేదు.

రొయ్యల_గుంట:
ఆ కాలం హైడ్రోజన్ రేడియో సిగ్నల్ సాగి సాగి ఎఫ్ఎం స్టేషన్ల దగ్గరికి వచ్చి పడుద్దంట గదా, అందుకే ఆ స్టేషన్ల గోలకి దూరంగా బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 'సారస్' యాంటెన్నాని మారుమూల కర్ణాటక చెరువుల్లో తేలేశారు. మన సోమశిల కూడా ఖాళీగానే ఉంది, ఎవరైనా చెప్పండయ్యా వాళ్లకి.