బంతి చేజారితే అంత నష్టమా?

ప్రశ్న: అన్నా, డల్లాస్‌లో ఉండే మా బావ మాట విని 2025 సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) తెల్లారుజామున లేచి చూసినా. కొర్లగుంటలో కుక్కలు కూడా లేవలా. ఈగల్స్ 40, చీఫ్స్ 22. బంతి పోగొట్టుకునే ఓడినారంటాడు బావ. నిజమేనా?

జవాబు: అలిపిరిలో నడక మొదలుపెట్టినోడూ, గాలిగోపురం కాడ మొదలుపెట్టినోడూ ఒకటేనా అప్పా? చీఫ్స్‌లో బంతి విసిరే మహోమ్స్ రెండో ఇంటర్‌సెప్షన్‌తో (విసిరిన బంతిని అవతలోళ్లు పట్టేయడం) ఈగల్స్‌కి బంతి దొరికింది చీఫ్స్ గోల్ లైన్‌కి 14 గజాల దూరంలోనే. రెండే ప్లేల్లో టచ్‌డౌన్, అంటే బంతి గోల్ లైన్ దాటేసింది. అదే చీఫ్స్ పంట్ కొట్టుంటే (బంతిని దూరంగా తన్ని అవతలోళ్లకి ఇచ్చేయడం) ఈగల్స్ ఇంకా చానా దూరం దేకాల్సొచ్చేది.

ఇంకో జవాబు: మొదటిది ఇంకా ఘోరం. ఈగల్స్ డిఫెండర్ డిజీన్ పట్టుకొని 38 గజాలు ఒక్క పరుగు, నేరుగా టచ్‌డౌన్. కానీ మూడో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోది) దూరంగా విసిరి, అవతలి గోల్ లైన్ కాడ పోగొట్టుకుంటే పెద్ద బాధ లేదు, అదీ పంట్ లాంటిదే.

అడిగినోడు: డిజీన్ పరిగెత్తేటప్పుడే టీ పెట్టను పోయినా, కర్మ!