టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత బాబు నీళ్లు తాగట్లేదు, మీరెలా పట్టించారు?

మా బాబుకి నాలుగేళ్లు. నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేది. అందుకే ఐదు రోజుల క్రితం టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) తీసేశారు. గురక తగ్గింది కానీ నీళ్లు తాగించడమే యుద్ధంగా ఉంది.

మొదటి మూడు రోజులు నయమే. నిన్నటి నుంచి నొప్పి మళ్లీ పెరిగి, చెవి పట్టుకుని ఏడుస్తున్నాడు. గొంతు నొప్పే చెవిలో తెలుస్తుందట. గొంతులో తెల్లటి పొర, నోటి వాసన కూడా మామూలేనన్నారు డాక్టరు. 5 నుంచి 10 రోజుల మధ్య ఆ పొర ఊడుతుందట, ఎప్పుడు రక్తం కనిపించినా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్, అర్ధరాత్రి ఫోన్ లైటు వేసి వాడి దిండు చూసుకుంటున్నాను.

పారాసిటమాల్ సిరప్ టైముకి వేస్తున్నాం. వేసిన అరగంటకి రెండు గుక్కలు తాగుతాడు, అంతే. పొద్దున్నుంచి మూత్రం ఒక్కసారే పోశాడు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, రాత్రిలోపు మళ్లీ పోయకపోతే తీసుకురమ్మన్నారు.

చెంచాతో, సూది లేని సిరంజితో ప్రయత్నించాను, నోరు బిగించేస్తున్నాడు. ఇది దాటి వచ్చిన తల్లిదండ్రులు ఎలా తాగించారో చెప్పండి. ఇంకొకటి, వాడి గొంతు ముక్కుతో మాట్లాడినట్టుగా మారింది. మీ పిల్లలకి ఎన్నాళ్లకి సర్దుకుంది?