అప్‌డేట్: రెండో హార్డ్‌డిస్క్ ఎక్కడ మౌంట్ చేశానంటే

విజయనగరంలో మా ఫొటో స్టూడియో లినక్స్ సిస్టమ్‌కి పెట్టిన కొత్త డిస్క్‌ని మీడియా ఫోల్డర్‌లో మౌంట్ చేయాలా (అంటే ఆ ఫోల్డర్ తెరిస్తే డిస్క్‌లోవి కనిపించేలా తగిలించాలా), ఎంఎన్‌టీ ఫోల్డర్‌లోనా అని ఇంతకుముందు అడిగాను. చివరికి రెండూ కాదు. లినక్స్‌లో ఏ ఫోల్డర్ దేనికో చెప్పే ప్రమాణం, 2015లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఎస్ 3.0 ప్రకారం మీడియా పెన్‌డ్రైవ్‌ల లాంటివాటికి, ఎంఎన్‌టీ తాత్కాలికంగా తగిలించేవాటికి. మాది ఎప్పుడూ ఉండే డిస్క్, పైగా పక్క సిస్టమ్‌లకు నెట్‌వర్క్‌లో ఫొటోలు అందించేది. అందుకే, ఇలా సిస్టమ్ అందించే డేటా కోసం ఉన్న ఎస్‌ఆర్‌వీ ఫోల్డర్ కింద పెట్టాను. (ఎంఎన్‌టీలో ఉన్నా పని ఆగదు, అది వేరే సంగతి.) ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో యూయూఐడీ (డిస్క్ గుర్తింపు కోడ్), నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా సిస్టమ్ ఆన్ అయ్యేలా చేసేది) రాశాను.

అన్నిటికన్నా పనికొచ్చిన సలహా: మౌంట్ చేసేముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కి చాటర్ ప్లస్ ఐ (అందులో ఏమీ రాయకుండా తాళం వేసే కమాండ్) కొట్టమన్నది. డిస్క్ మౌంట్ కాని రోజున సిరిమానోత్సవం ఫొటోలు తెలియకుండా రూట్ పార్టిషన్‌లో (లినక్స్ ఉన్న మొదటి డిస్క్‌లో) పడిపోవు, కాపీయే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కేబుల్ పీకి చూశాను, నిజంగానే ఆగింది.